ఏజెన్సీ బడిలో పంతులు అర్హత

ఎక్కువ చదివినవాళ్లు ఉద్యోగం ఎక్కువ బాగా చేస్తారా? ఈ ప్రశ్న మీద ఖమ్మం, భద్రాచలం ఏజెన్సీలో నడిచినంత వాదన తెలుగు నేల మీద మరోచోట నడిచి ఉండదు. అది సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా వెళ్లింది. అన్నేళ్లూ తగువు ఒకే ఉద్యోగి చుట్టూ తిరిగింది: బడిపంతులు.

పంతులును ఏ పట్టా అడగని రోజుల్లో మొదలైన కథ ఇది. 1870లలో దుమ్ముగూడెం చేరిన చర్చి మిషనరీ సొసైటీ పాదరీ జాన్ కెయిన్ కోయ భాష పట్టుబట్టి నేర్చుకున్నాడు. మతం చెప్పుకోవడానికే కావచ్చు, గూడెంలో పని జరగాలంటే గూడెం మాట రావాలని ఆయనకు తెలిసింది. అప్పట్లో గోదావరికి ఒకవైపు పాల్వంచ నిజాం ఏలుబడిలో, మరోవైపు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. నిజాం వైపు ఈ సంగతిని గట్టిగా పట్టించుకున్నది మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. పాపికొండల రెడ్ల మీద పుస్తకం రాసిన ఆయనే, 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. అక్కడికి వచ్చినవాళ్లకు చదువు అంతంతమాత్రం. గోండీ వాచకాలతో పాఠం చెప్పడం నేర్చుకుని, వాళ్లలో కొందరు తర్వాత పట్వారీలయ్యారు, రెవెన్యూ ఉద్యోగాల్లో చేరారు. పనిలో పడ్డాక పెరిగే చదువు కూడా ఉంటుందనడానికి మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం అందులో కలిసింది. ఆశ్రమ పాఠశాలలు, తర్వాత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వచ్చాయి. పోస్టులు పెరిగాయి, పట్టాలున్న పంతుళ్లు మైదానం నుంచి వచ్చారు. వచ్చి నిలవలేదు. ఏజెన్సీ పోస్టింగు అంటే శిక్ష కింద లెక్క. బస్సు లేని ఊరు, మలేరియా, వానాకాలం పొంగే వాగు, వీటి మధ్య బడి తాళం తీసే రోజులు తగ్గిపోయాయి. పంతులును ఒక్కడినే తిట్టిపోయడం సులువు. కాపురం పెట్టుకోవడానికి ఇల్లు కూడా చూపించని శాఖను ఎవరూ నిలదీయలేదు.

ఐటీడీఏ వాళ్లు ‘మా బడి’ పేరుతో ఆ ఊళ్లోనే ఉండే యువకులకు పలక అప్పగించింది ఈ ఖాళీలోనే. ఏడో తరగతి, పదో తరగతి చదివినవాళ్లు. బీజగణితం రాకపోవచ్చు, బడి మాత్రం తెరిచేవారు.

1986లో జీవో 275, దాని బదులుగా 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది వాటి సారాంశం. ప్రభుత్వం చెప్పిన కారణాల్లో పంతుళ్ల గైర్హాజరు ముఖ్యమైనది. చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. జీవో 3 అర్హతలను తగ్గించలేదు. ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్లు టీటీసీలు, బీఎడ్‌లు చదివినవాళ్లే. అసలు పోటీ పట్టా ఉన్నవాడికీ పట్టా ఉండి ఆ ప్రాంతంలోనే పుట్టినవాడికీ మధ్య.

సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. అవి ఏజెన్సీకే పరిమితమైనవి కావు, గ్రామీణ ప్రభుత్వ బడులన్నిటికీ సంబంధించినవి. వంద బడులకు అదనంగా కాంట్రాక్టు టీచర్లను ఇచ్చి చూశారు. వాళ్ల చదువు, శిక్షణ తక్కువ, జీతం రెగ్యులర్ టీచరుకు వచ్చేదాంట్లో అయిదో వంతు. గైర్హాజరు మాత్రం రెగ్యులర్ వాళ్లది 27 శాతం, వీళ్లది 18 శాతం. 2011లో అచ్చయిన మరో అధ్యయనంలో ఇంకా విచిత్రమైన ఫలితం వచ్చింది. మామూలు బడుల్లో పంతులు చదువుకూ పిల్లల ప్రగతికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. పిల్లల మార్కులు పెరిగితే పంతులుకు బోనస్ ఇచ్చిన బడుల్లో మాత్రం ఎక్కువ చదువు, శిక్షణ ఉన్నవాళ్లు ముందుకొచ్చారు. అంటే చదువు వృథా కాదు, దాన్ని పనిలో పెట్టించే ఏర్పాటు లేకపోతే అది సర్వీసు రిజిస్టరులోనే ఉండిపోతుంది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని, గిరిజన పిల్లలకూ విశాలమైన పోటీలో నెగ్గిన టీచర్లు అందాలని అంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో కాపాడి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి అయిదు లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఏజెన్సీలో తరతరాలుగా ఉంటున్న ఇతర కులాల పేదలకు దారి పూర్తిగా మూయడం అన్యాయమన్న మాటలో బలం ఉంది. పోటీ పరీక్షలో వచ్చిన ర్యాంకునే పాఠం చెప్పే సామర్థ్యంగా తీసుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. అలాగని జీవోను మోసేవాళ్లూ ఒక చిక్కును దాటేశారు. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కోయ మాట రాదు. లంబాడా తండా నుంచి కోయ గూడేనికి వెళ్లిన టీచరు ఒకటో తరగతి పిల్లలకు మైదానపు పంతులంత పరాయివాడే.

పాత ఖమ్మం జిల్లాలోనే అర్హత తేల్చే ఇంకో పద్ధతి ఎప్పటినుంచో నడుస్తోంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన సింగరేణిలో మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ కావాలంటే పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే గనిలో పనిచేసిన అనుభవం చూపాలి. పైకప్పు కూలితే పోయేది ప్రాణాలు కాబట్టి అక్కడ చదువునూ పనినీ విడదీయడానికి ఎవరూ సాహసించలేదు.

2024లో తెలంగాణ 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటించింది. జీవో 3కు ప్రత్యామ్నాయం తేవాలని ఆదివాసీ సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. ఈలోపు కోర్టు తీర్పుకు అడ్డురాని పని ఒకటి చేయవచ్చు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో అభ్యర్థి ఎంచుకునే భాషల్లో తమిళం ఉంది, మరాఠీ ఉంది, బెంగాలీ, గుజరాతీ కూడా ఉన్నాయి. కోయ లేదు. దాన్ని చేర్చి, గూడెం బడికి వెళ్లాలనుకునే ప్రతి అభ్యర్థికీ ఏ కులమైనా ఆ పేపరు పెడితే, ఎవరు నెగ్గుతారో చూడవచ్చు.