దుకాణపు బోర్డుల కథ

ఉగాది సంచికలకు దేవాలయముల చరిత్రయో, రాజుల చరిత్రయో వ్రాయుట వాడుక. మేము ఈ మారు దుకాణముల నెత్తిన వ్రేలాడు బోర్డుల చరిత్ర వ్రాయబూనితిమి. పద్మపూర్ బజారులో బియ్యము, బట్టలు, మందులు అమ్ముకొను మనవారికి ఇది కూటికి సంబంధించిన సంగతియే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్టణం జిల్లాలోనిది. 1931లో పర్లాకిమిడి చిన్న రైలు గుణుపురము వరకు వచ్చినది. (అది 2004లో ఆగి, 2011లో పెద్ద పట్టాలపై మరల నడచినది.) రైలు వెంట కంపెనీ సరుకు, సరుకు వెంట కంపెనీ బోర్డు వచ్చుట దేశమంతట జరిగినదే.

అంతకు ముందు సున్నపు గోడపై జేగురు వ్రాతయే బోర్డు. ఖర్చు లేదు, కాని ఒక్క వానకాలముతో సరి. తరువాత రేకు బోర్డులు వచ్చినవి. సుద్దపొడి అద్దిన దారము లాగి గీతలు కొట్టి, ఎనామిలు రంగుతో కుంచె పట్టి వ్రాసెడివారు. మన సరిహద్దున పెయింటరుకు రెండు లిపులు రావలెను. ఒడియాకు గుండ్రని తల, తెలుగుకు తలకట్టు. చేయి తడబడినచో ఒకదాని సొగసు మరొకదానికి అంటును.

టీ కంపెనీలవారి పింగాణి పూత పలకలు వేరు. ఇనుపరేకుపై గాజుపొడి పూసి సుమారు 800 డిగ్రీల వేడిలో కాల్చుటచే రంగు వెలవదు. అంచు పెచ్చులూడిన చోటనే త్రుప్పు పట్టును. అయినను ఉచితముగా వచ్చిన బోర్డు కంపెనీ పేరే మోయును గాని, కొట్టువాని పేరు మోయునా?

1910లో పారిసులో జార్జి క్లోడ్ చూపిన నియాను దీపములు పట్టణపు వైభవము. వాటి జోలి మనకు వలదు.

నేటి ఫ్లెక్సు గంటలో తయారగును, చవుక. ఎండకు వెలియును, గాలికి చిరుగును. కంప్యూటరులో సరియైన అక్షరములు లేనిచో తెలుగు వత్తులు ఊడి ప్రక్కన పడును. "అమ్మ" కాస్త "అమ్‌మ" యగుట మనమందరము చూచినదే! పైగా 100 మైక్రానులకు లోబడిన పి.వి.సి. బ్యానర్లు 2022 జూలై 1 నుండి నిషిద్ధములు.

దుకాణపు బోర్డుపై ఒడియా ఉండవలెనని ప్రభుత్వము 2018లో నియమము చేసినది. అది న్యాయమే, ఈ నేల అన్నము తినుచున్నాము. అయితే ఒడియా పంక్తి క్రింద జానెడు చోటు తెలుగునకు విడువుడని మా మనవి. ఇచటి మన పిల్లలలో పెక్కురకు బడిలో తెలుగు లేదు. వారికి వీధియే పలక.

చిన్న కొట్టునకు మా ఓటు రేకు బోర్డుకే. రైల్వేవారి స్టేషను బోర్డు చూడుడు: పసుపు నేల, నల్ల అక్షరము, పూలు లతలు లేవు, కదలు బండిలోనివాడును చదువును. రంగు ఆరుటకు ఎండ కావలెను గనుక, ఆషాఢము రాకముందే వ్రాయించుట మేలు.