బుజ్లుజా స్మారక భవనం

బుజ్లుజా స్మారక భవనం ఐరోపా ఖండంలోని బల్గేరియా దేశంలో, కజన్లక్ పట్టణానికి సమీపాన బాల్కన్ పర్వత శ్రేణిలో ఉన్న ఒక చారిత్రక కట్టడం. దీనిని బల్గేరియా కమ్యూనిస్టు పార్టీ 1974 - 1981 మధ్యకాలంలో నిర్మించినది. కేవలం ఎనిమిది సంవత్సరాలు వాడుకలో ఉండి, 1989లో కమ్యూనిస్టు పాలన ముగిసిన తరువాత ఇది నిరాదరణకు గురై శిథిలమైనది. వృత్తాకారంలో ఉండుట వలన దీనిని చాలామంది "ఎగిరే పళ్ళెం"తో పోలుస్తారు.

పేరు, ఉనికి

బుజ్లుజా అనే పేరు టర్కీ భాష నుండి వచ్చినది. ఆ భాషలో "బుజ్" అనగా మంచుగడ్డ. పేరుకు తగినట్లే ఈ శిఖరంపై శీతాకాలంలో మంచు దట్టంగా కురుస్తుంది, గాలులు తీవ్రంగా వీస్తాయి. 1942లో శిఖరానికి హాజీ దిమితర్ అని అధికారికంగా పేరు మార్చినప్పటికీ పాత పేరే వాడుకలో నిలిచినది. శిఖరానికి దక్షిణాన దిగువలో, గులాబీ తోటలకు ప్రసిద్ధి చెందిన లోయలో కజన్లక్ పట్టణం ఉన్నది.

చారిత్రక నేపథ్యం

ఈ శిఖరం బల్గేరియా చరిత్రలోని మూడు ఘట్టాలతో ముడిపడి ఉన్నది.

1868లో ఒట్టోమన్ పాలనకు వ్యతిరేకంగా పోరాడిన హాజీ దిమితర్ దళం ఇక్కడ చివరి పోరాటం చేసినది.

1891లో దిమితర్ బ్లాగోయెవ్, అతని సహచరులు ఇక్కడ రహస్యంగా సమావేశమై సోషల్ డెమొక్రాటిక్ పార్టీని స్థాపించారు. కమ్యూనిస్టు పార్టీ ఈ సమావేశాన్నే తన పుట్టుకగా భావించినది.

1944లో, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, ఇక్కడ కమ్యూనిస్టు గెరిల్లాలకు, ప్రభుత్వ బలగాలకు మధ్య పోరాటం జరిగినది.

ఈ మూడింటిలో మొదటిది దేశ ప్రజలందరూ గౌరవించే ఘట్టం. తక్కిన రెండూ పార్టీ చరిత్రకు సంబంధించినవి. ఒకే స్థలంలో ఈ రెండు రకాల జ్ఞాపకాలు కలిసి ఉండుట వలన భవనంపై తరువాత తలెత్తిన వివాదం మరింత జటిలమైనది.

నిర్మాణం

భవన రూపశిల్పి గియోర్గి స్టోయిలోవ్ (1929 - 2022). ఇతడు 1967 నుండి 1971 వరకు రాజధాని సోఫియా నగరానికి మేయరుగా పనిచేశాడు. 1974 జనవరి 23న పనులు ప్రారంభమైనవి. పునాది కొరకు శిఖరాన్ని పేలుడు పదార్థాలతో చదును చేయగా, 1,441 మీటర్ల ఎత్తున్న శిఖరం 1,432 మీటర్లకు తగ్గినది. సైన్యానికి చెందిన నిర్మాణ దళాలతో పాటు శ్రామికులు, ఇంజనీర్లు, కళాకారులు కలిపి ఆరు వేల మందికి పైగా ఇందులో పాల్గొన్నారు. సుమారు 70,000 టన్నుల కాంక్రీటు వాడబడినది.

వృత్తాకార భవనం వ్యాసం సుమారు 60 మీటర్లు. దాని ప్రక్కన సుమారు 70 మీటర్ల ఎత్తైన స్తంభం ఉన్నది. స్తంభానికి రెండు వైపులా ఎర్రని గాజుతో చేసిన 12 మీటర్ల నక్షత్రాలు అమర్చబడినవి.

నిర్మాణానికి 1.4 కోట్ల లెవాలకు పైగా ఖర్చు అయినది (లెవ్ అప్పటి బల్గేరియా ద్రవ్యం). ఈ సొమ్ము ప్రజల విరాళాల ద్వారా సేకరించబడినది. పేరుకు స్వచ్ఛంద విరాళాలే అయినా, ఆనాటి పరిస్థితులలో కాదనుట సులభం కాదనే విమర్శ ఉన్నది. బల్గేరియా రాజ్యం ఏర్పడి 1,300 సంవత్సరాలైన సందర్భంగా ఉత్సవాలు జరిగిన 1981లో, ఆగస్టు 23న, దేశాధినేత తోడోర్ జివ్కోవ్ దీనిని ప్రారంభించాడు.

మొజాయిక్ చిత్రాలు

భవనంలోని ప్రధాన ఆకర్షణ మొజాయిక్ చిత్రాలు. గాజు ముక్కలను, రాళ్ళను సున్నపు పూతలో పొదిగి చేసిన ఈ చిత్రాలు 937 చదరపు మీటర్ల మేర విస్తరించి ఉండేవి. అరవై మందికి పైగా కళాకారులు వీటిని రూపొందించారు. పైకప్పు మధ్యలో సుత్తి, కొడవలి గుర్తు ఉన్నది. గోడలపై మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ ముఖచిత్రాలు ఒకవైపు, బ్లాగోయెవ్, గియోర్గి దిమిత్రోవ్, జివ్కోవ్ ముఖచిత్రాలు మరొకవైపు ఉండేవి. పాలన మారిన తరువాత జివ్కోవ్ ముఖం చెరిపివేయబడినది.

శిథిలమైన విధం

1989 నవంబరు 10న జివ్కోవ్ పదవి కోల్పోయాడు. ఆ తరువాత భవనం ప్రభుత్వపరమైనది. కాపలా లేనందున దొంగలు పైకప్పు రాగి రేకులతో సహా విలువైన సామగ్రిని తరలించారు. నక్షత్రాలు మాణిక్యాలతో చేసినవని నమ్మి కొందరు వాటిపై తుపాకులతో కాల్చారని చెబుతారు.

రేకులు పోవడంతో వాననీరు, కరిగిన మంచు లోపలికి చేరసాగినవి. పగుళ్ళలోని నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచించి పూతను వదులు చేస్తుంది. ప్రతి శీతాకాలం ఇదే జరుగుట వలన మొజాయిక్ ముక్కలు రాలిపోయినవి. ప్రవేశద్వారం పైన ఎవరో "నీ గతాన్ని మరచిపో" అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యాన్ని ఎర్ర రంగుతో వ్రాశారు.

పరిరక్షణ ప్రయత్నాలు

2011లో భవనాన్ని కమ్యూనిస్టు పార్టీ వారసురాలైన సోషలిస్టు పార్టీకి అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించినా అది అమలు కాలేదు. 2015లో వాస్తుశిల్పి డోరా ఇవనోవా బుజ్లుజా ప్రాజెక్ట్ ఫౌండేషన్ స్థాపించినది. 2018లో ఐరోపాలో అత్యంత ప్రమాదంలో ఉన్న ఏడు వారసత్వ కట్టడాల జాబితాలో యూరోపా నోస్ట్రా సంస్థ దీనిని చేర్చినది. అదే సంవత్సరం భవనానికి కాపలా ఏర్పాటు చేయబడి, లోపలికి ప్రవేశం నిషేధించబడినది. పరిరక్షణ ప్రణాళిక కొరకు అమెరికాలోని గెట్టీ ఫౌండేషన్ 2019లో 1,85,000 డాలర్లు మంజూరు చేసినది. 2020లో నిపుణులు మిగిలిన మొజాయిక్ చిత్రాలు రాలిపోకుండా అత్యవసర పనులు చేపట్టారు.

వివాదం

భవనాన్ని ఏమి చేయాలన్న విషయంలో బల్గేరియా ప్రజలలో ఏకాభిప్రాయం లేదు. నిర్బంధ పాలనకు గుర్తుగా ఉన్న కట్టడంపై ప్రజాధనం ఖర్చు చేయరాదని కొందరి వాదన. ప్రజల సొమ్ముతో, శ్రమతో కట్టినది కనుక కాపాడవలెనని మరికొందరి వాదన. పరిరక్షణ కోరేవారు దీనిని పార్టీ స్మారకంగా కాక, ఆ కాలపు చరిత్రను మంచి చెడ్డలతో సహా వివరించే కేంద్రంగా మార్చాలని సూచిస్తున్నారు. రూపశిల్పి స్టోయిలోవ్ కూడా భవనాన్ని కాపాడాలనే కోరాడు.

ఇక్కడ ఒక పోలిక గమనించదగినది. కజన్లక్ పట్టణంలో 1944లో బయల్పడిన క్రీ.పూ. 4వ శతాబ్దపు థ్రేసియన్ సమాధి 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. అందులోని కుడ్యచిత్రాలు చెడిపోకుండా సందర్శకుల కొరకు ప్రక్కనే ఒక నమూనా సమాధి నిర్మించబడినది. రెండు వేల సంవత్సరాలు దాటిన ఆ చిత్రాలు భద్రంగా ఉండగా, అదే పట్టణ పరిధిలోని శిఖరంపై 1981 నాటి చిత్రాలు నాలుగు దశాబ్దాలలోనే చాలావరకు నశించినవి. చర్చ ముగిసేవరకు మంచు, వాన ఆగవు కనుక, మిగిలిన చిత్రాలను ముందుగా నిలిపి ఉంచుటయే తక్షణ కర్తవ్యమని పరిరక్షకులు భావిస్తున్నారు.