చక్రం కింద పలక

అరుణాచల్‌లో పనిచేసిన మనవాళ్ళలో ఆ రేకును చూడనివాళ్ళు తక్కువ. మూడు వరుసల గుండ్రటి కన్నాలు, ఎర్రగా తుప్పు. లంగర్ ముందు బురద తొక్కకుండా పరిచిన దారి అదే. పోస్టు గేటు అదే, కాలువ మీద వంతెన అదే, ఊళ్ళో పందుల దొడ్డికి కంచె కూడా అదే. మేం దాన్ని పీఎస్‌పీ షీటు అనేవాళ్ళం. పోస్టింగు మీద కొత్తగా వెళ్ళినప్పుడు నేనూ అది కంచె కోసమే తయారు చేసిన రేకు అనుకున్నాను. అది రన్‌వే ముక్క అని, దాని వెనక ఒక పెద్ద యుద్ధమే ఉందని తర్వాత తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి విమానాల బరువు బాగా పెరిగిపోయింది. మునుపటిలాగా గడ్డి మైదానంలో దిగుదామంటే వానాకాలంలో చక్రాలు కూరుకుపోతాయి. కాంక్రీటు వేయాలంటే నెలలు పడుతుంది, యుద్ధం అన్నాళ్ళు ఆగదు. బురదలో బండి దిగబడకుండా దుంగలు పరచడం ఏనాటి నుంచో సైన్యాలకు తెలిసిన పనే. అదే పనిని ఇనుముతో చేద్దామని అమెరికా సైనిక ఇంజనీర్లు, కార్నెగీ-ఇల్లినాయిస్ ఉక్కు కంపెనీ వాళ్ళు కలిసి ఈ పలకను తయారు చేశారు. 1941 నవంబరులో నార్త్ కెరొలినా రాష్ట్రంలో జరిగిన సైనిక విన్యాసాలలో, మార్స్టన్ అనే చిన్న ఊరి పక్కన 3,000 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు రన్‌వేను 11 రోజుల్లో పరిచి చూపించారు. అందుకే దానికి మార్స్టన్ మ్యాట్ అని పేరు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది ఆ మరుసటి నెలలోనే.

ఒక్కో పలక 10 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 66 పౌన్ల బరువు. అంటే సుమారు 30 కిలోలు. కన్నాలు వరుసకు 29 చొప్పున మూడు వరుసలు, మొత్తం 87. నేను లెక్కపెట్టాను కూడా. కన్నాలు ఎందుకంటే బరువు తగ్గడానికి, నీరు కిందికి పోవడానికి అని అందరూ చెబుతారు. అసలు కిటుకు కన్నం అంచులో ఉంది. ప్రతి కన్నం అంచునూ కిందికి వంచారు. దాంతో పలుచటి రేకుకు కూడా బిగువు వచ్చింది. ఒక పొడుగు అంచుకు కొక్కేలు, రెండో అంచుకు వాటికి సరిపోయే చీలికలు. కొక్కెం చీలికలో దూర్చి పక్కకు జరిపితే పట్టుకుంటుంది, మళ్ళీ ఊడకుండా క్లిప్పు కొడతారు. మేస్త్రీ ఇటుకల కీళ్ళు ఒకదాని మీద ఒకటి రాకుండా తప్పించినట్టే ఇక్కడా ఒక వరుస కీలు పక్క వరుస కీలుకు ఎదురు రాకూడదు.

మార్స్టన్ రన్‌వేకి ఇలాంటి పలకలు 36,000 కావాలి. కాగితం మీద లెక్క కట్టి చూడండి, వెయ్యి టన్నులు దాటుతుంది. ఇంతా చేస్తే నేలకు బలం వచ్చేది పలక వల్ల కాదు. చక్రం బరువును అది నాలుగు పక్కలకు పంచుతుంది, అంతే. కింద నేల సరిగా చదును చేసి అణచకపోతే, నీటికి వాలు పెట్టకపోతే, విమానం వెళ్ళినప్పుడల్లా బురద కన్నాల్లోంచి పైకి చిమ్ముతుంది. కొన్నాళ్ళకు పలకలు అలల్లా లేస్తాయి.

ఇంగ్లండులో మరో రకం వచ్చింది. జర్మనీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ సోమర్‌ఫెల్డ్ అనే ఇంజనీరు ఇనప తీగల వలను తుంగచాపలా చుట్టి తీసుకెళ్ళి పరిచే పద్ధతి కనిపెట్టాడు. తేలిక, కాని బరువైన విమానాలకు చాలదు.

మనకు దగ్గరి కథ బర్మా సరిహద్దుది. 1944 మార్చి 29న జపాను సైన్యం కోహిమా–ఇంఫాల్ రోడ్డును తెంచేసింది. జూన్ 22న మైలురాయి 109 దగ్గర రెండు వైపుల దళాలు కలుసుకునే దాకా లక్షన్నర మందికి తిండి, మందుగుండు, మందులు అన్నీ గాలిలోనే రావాలి. ఇంఫాల్ మైదానంలో ఆరు విమాన స్థలాలు ఉన్నాయి. వాటిలో అన్ని ఋతువులలోనూ పనికొచ్చేవి ఇంఫాల్ మెయిన్, పాలేల్ రెండే. తక్కినవి వాన పడితే మడిచెక్కలే. మణిపూర్ వాన ఎలా ఉంటుందో అక్కడ ఒక్క జూలై గడిపినవాడికి చెప్పక్కర్లేదు. యుద్ధ చరిత్రల్లో పైలెట్ల గురించి, జనరల్స్ గురించి చదువుతాం. ఆ రోజుల్లో స్లిమ్ సైన్యం బతుకు, పైలెట్ దిగబోయే ముందు కిందికి చూసినప్పుడు నేల గట్టిగా ఉందా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది.

ఇనుము మీద అందరికీ చేయి ఉంది. యూరప్, పసిఫిక్ తీసుకున్నాక బర్మా వంతు. అందుకని 14వ సైన్యం చీఫ్ ఇంజనీరు మేజర్ జనరల్ హేస్టెడ్ మన దేశంలో దొరికే సరుకు మీద పడ్డాడు. బెంగాల్‌లో జనపనార ఉంది, మిల్లులు ఉన్నాయి. గోనెపట్టాకు తారు పట్టించి చుట్టలు కట్టి, చదును చేసి అణచిన మట్టి మీద ఒక అంచు మీదికి రెండో అంచు వచ్చేటట్టు పరిచారు. దాని పేరు బిట్‌హెస్. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల పక్కన పెరిగినవాళ్ళకు గోనెపట్టా అంటే ఏమిటో నేను చెప్పనవసరం లేదు. అదే పట్టా మీద లారీలు నడిచాయి, విమానాలు దిగాయి. కబా లోయ రోడ్డులో వంద మైళ్ళ పైగా ఇలాగే వేశారు. పట్టాకు తనంతట బలం లేదు, నీళ్ళు మట్టిలోకి దిగకుండా గొడుగులా ఆపుతుంది. ఎక్కడైనా చిరిగితే ఆ గంటలోనే అతుకు వేయాలి, లేకపోతే ఆ చోట గొయ్యి.

అరకాన్‌లో అయితే రాయే దొరకదు. అక్కడ దారి పొడుగునా ఇటుక బట్టీలు పెట్టి, కాల్చిన ఇటుకలు పరిచి రోడ్డు వేశారు. బట్టీలకు బొగ్గు కూడా మన దేశం నుంచే పోవాలి.

ఈ పనులన్నీ చేసిందెవరు? సాపర్స్, పయొనీర్లు, కూలీలు. మా మద్రాస్ సాపర్స్ తంబీలు ఆ సైన్యంలో చాలా కంపెనీలుగా ఉన్నారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1942లో ఇంఫాల్–తమూ రోడ్డు కోసం అస్సాం తేయాకు తోటల నుంచి కూలీలను తెచ్చారు. ఆ తోటలకు అంతకు ముందే గంజాం, విశాఖ వైపుల నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. చరిత్రలో కూలీలను వేల లెక్కన రాశారు గాని పేరు పెట్టి రాయలేదు.

యుద్ధం అయిపోయింది, పలకలు మిగిలిపోయాయి. స్వతంత్రం వచ్చాక నేఫాలో రోడ్లు లేని లోయల్లో చిన్న చిన్న ల్యాండింగ్ గ్రౌండ్లకు పీఎస్‌పీ పనికొచ్చింది. మెచుకా, విజయనగర్ స్ట్రిప్పులు ఇలాంటివే. విజయనగర్ అంటే మన విజయనగరమూ కాదు, హంపీ కూడా కాదు, మయన్మార్ సరిహద్దు మూలన ఉన్న ఊరు.

1990లలో నేను సియాంగ్ వైపు ఒక స్ట్రిప్పులో మరమ్మతు డిటాచ్‌మెంటులో ఉన్నాను. అప్పుడు తెలిసింది పీఎస్‌పీ అసలు గుణం. మధ్యలో ఒక్క పలక వంగి అంచు లేచింది, విమానం టైరు కోసేస్తుంది. ఒక్కటే కదా తీసి మార్చేద్దాం అంటే కుదరదు. కొక్కేలు పక్క వరుసను పట్టుకుని ఉంటాయి. క్లిప్పులు తుప్పుతో కరుచుకుపోయి ఉంటాయి. అంచు నుంచి వరుసలు వరుసలు జరుపుకుంటూ రావాలి. మా హవల్దార్ శ్రీకాకుళం ఆయన. "ఒరే తమ్ముడూ, కన్నంలో వేలు పెట్టి ఎత్తకు, పక్కోడు జరిపితే వేలు నీది కాదు" అని పొద్దున్నించి అరుస్తూనే ఉన్నాడు. చలికి చేతులు మొద్దుబారి ఉన్నాయి. మధ్యాహ్నం అదే జరిగింది. పాలక్కాడు కుర్రాడి ఎడమచేతి చూపుడువేలు చివరి కణుపు పోయింది. కట్టు కట్టాం, వాడు ఏడవలేదు. మర్నాడు మబ్బు విడిచాక ఏఎన్-32 వచ్చింది. పలకల మీద దిగితే ఆ చప్పుడు లోయంతా వినిపిస్తుంది, రేకుల షెడ్డు మీద రాళ్ళ వాన పడ్డట్టు. మేం సరిచేసిన చోటు దాటి ఆగింది. వాణ్ణి అందులోనే పంపించాం.

జెట్ విమానాలు వచ్చాక పీఎస్‌పీ ఆగలేదు. 1965లో వియత్నాంలోని చూ లాయ్‌లో అమెరికా వాళ్ళు కన్నాలు లేని అల్యూమినియం పలకలు వాడారు. మన దగ్గర కూడా ఈ స్ట్రిప్పులు ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి. 2016 నవంబరు 3న మెచుకా కొత్త రన్‌వే మీద అంత పెద్ద సి-17 దిగింది. పాడైపోయి ఆగిన విజయనగర్ స్ట్రిప్పును మళ్ళీ బాగు చేశాక 2019 సెప్టెంబరులో అక్కడ ఏఎన్-32 దిగింది. ఊడదీసిన పాత పలకలు ఎక్కడికి పోయాయో మొదట్లోనే చెప్పాను, పందుల దొడ్లకు.

ఇప్పుడు మన ఊళ్ళలో ఫుట్‌పాత్ మీద, గుడి ఆవరణలో, పెట్రోలు బంకులో కనబడే ఇంటర్‌లాక్ బిళ్ళలు కూడా ఆ యుద్ధం వెనకాలే వచ్చాయి. యుద్ధం తర్వాత హాలండులో ఇటుకకు కరువొచ్చి, రోడ్లకు కాంక్రీటు బిళ్ళలు పోసుకున్నారు. జర్మనీ వాళ్ళు వాటికి ఒకదానిలో ఒకటి ఇమిడే అంచులు పెట్టారు. మన దగ్గర వీటికి ఐ.ఎస్. 15658 అనే ప్రమాణం 2006లో వచ్చింది. జోజిలా వంటి కనుమల్లో మంచు కరిగిన నీటికి తారు నిలవదని, బోర్డర్ రోడ్స్ వాళ్ళు ఈ బిళ్ళలే పరిచారు. కింద ఇసుక, పైన బిళ్ళ, సందుల్లో మళ్ళీ ఇసుక. కొక్కెం లేదు, క్లిప్పు లేదు. ఒకటి పగిలితే గునపంతో ఆ ఒక్కటే లేపి, ఇసుక సర్ది, కొత్తది కూర్చోబెట్టవచ్చు. పక్కవాటిని కదిలించక్కర్లేదు.