బండికీ వంశవృక్షం

మనిషికి ఉన్నట్లే పాత కారుకూ వంశవృక్షం ఉంటుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌నే చూడండి. దాన్ని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేశారు. కారు చేతికి రాకముందే, 1911లో, ఆయన కాలం చేశారు. లోపల సింహాసనం వంటి ఆసనం పెట్టి బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ. తండ్రి కోరిన కారు కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆయన 1967లో మరణించారు.

నూరేళ్లు దాటినా ఏ కారు ఎవరిదో చెప్పగలుగుతున్నామంటే, ఎవరో గుమాస్తా రిజిస్టరులో ఛాసిస్ నంబరు, యజమాని పేరు రాసి ఉంచినందువల్లనే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సభ్యుల ఇళ్లలో రోల్స్ రాయిస్‌లు లేకపోవచ్చు గానీ స్కూటర్లున్నాయి. వాటి వరుస తెగిపోకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల (1989) ప్రకారం యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి, 3 నెలల్లో ఫారం 31 దాఖలు చేసి పేరు మార్పించుకోవాలి. ఆర్సీలో నామినీ పేరు రాయించే వీలు 2021లో వచ్చింది. ప్రమాదం జరిగిన నాడు కుటుంబాన్ని ముందుగా అడిగేది ఆ కాగితమే.

పింఛను నామినేషన్ సరిచూసుకునే చేత్తోనే ఆర్సీనీ ఒకసారి సరిచూసుకుందాం.