"పుండు" అనే మాట వెనుక



మొన్న ఎడ్లపాడు నుంచి మా ఆడబడుచు గుంటూరులో మా ఇంటికి వచ్చింది. తెల్లబట్ట అవుతున్నదని చూపించుకుంటే, "గర్భసంచి మూతికి పుండు పడిందమ్మా, ముదిరితే కాన్సర్ అవుతుంది, సంచి తీయించెయ్" అన్నారట. వయసు ముప్పై అయిదు. ఈ "పుండు" మాట ఎక్కడిదో కాస్త చెప్పుకుందాం.

పూర్వం మన స్త్రీలు ఇలాంటి బాధలు మగ డాక్టరుకి చెప్పుకునేవారే కారు. 1883లో అన్నా కూగ్లర్ అనే అమెరికన్ లేడీ డాక్టరు గుంటూరు వచ్చారు. 1930లో కన్నుమూసేవరకు ఈ ప్రాంతానికే అంకితమయ్యారు. అప్పటికే పాశ్చాత్య దేశాల్లో స్పెక్యులం అనే సాధనంతో లోపల చూడడం వాడుకలోకి వచ్చింది. మూతి చుట్టూ ఎర్రగా కనబడితే పై పొర ఊడిందనుకుని "ఎరోజన్" అని పేరుపెట్టారు. మందు పూసి కాల్చేవారు కూడాను.

తర్వాత మైక్రోస్కోపులో చూస్తే సంగతి వేరు. అక్కడ పుండే లేదు! లోపలుండే పలచని ఎర్రటి పొర బయటికి వచ్చిందంతే. వయసులో ఉన్నవారికి, గర్భిణీలకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఇది సహజం. ఇప్పుడు దీన్ని ఎక్ట్రోపియన్ అంటున్నారు. నాబోథియన్ తిత్తులనే చిన్న బుడగలకూ భయం లేదు. పాలిప్ అనే పిలక చాలావరకు మామూలుదే. తీసి పరీక్షకు పంపుతారు. సూక్ష్మజీవులవల్ల వచ్చిన వాపు మందులతో తగ్గుతుంది.

అలాగని ఎర్రగా ఉన్నదంతా మంచిదేనని ఊరుకోరాదు. కంటిచూపుతో తేల్చరాదు, పరీక్ష కావాలి. 1925లో జర్మనీలో హిన్సెల్‌మన్ కోల్పోస్కోపు తయారుచేశారు. అమెరికాలో పాపనికొలావ్, ట్రౌట్ 1943లో పుస్తకం ప్రచురించాక పాప్ స్మియర్ ప్రచారంలోకి వచ్చింది. మూతి దగ్గర మెల్లగా గీరి, వచ్చిన కణాలను పరీక్షిస్తారు. కోతా లేదు, కుట్లూ లేవు. ఇప్పుడు హెచ్.పి.వి. పరీక్ష కూడా ఉంది. అనుమానముంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు.

ఇన్ని ఉన్నా, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తంమీద అది నూటికి 3. అన్నీ అనవసరమైనవని కాదు, కానీ అందులో భయం పాలెంతో ఆలోచించండి.

మా ఆడబడుచుకి పాప్ స్మియర్ చేయించాం. ఏ దోషమూ లేదన్నారు. మందులతో తెల్లబట్ట తగ్గింది, సంచి సంచిలాగే ఉంది.

ఎవరైనా "పుండుంది, తీసేద్దాం" అంటే, "పరీక్ష చేశారాండీ? రిపోర్టులో ఏముంది?" అని అడగండి. ముట్లుడిగాక గాని, కలయిక తర్వాత గాని రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకండి. అడగడానికి సిగ్గుపడితే నష్టపోయేది మనమే.