పొలంలో దొరికే రాతి పనిముట్లు: పుట్టుపూర్వోత్తరాలు

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. అవే వానలు అవుకు, బనగానపల్లె చుట్టుపక్కల చేలల్లో ఇంకో రకం రాళ్లను బయటపెడతాయి. వాటికి మెరుపూ లేదు, ధరా లేదు. కానీ అవి మనిషి చేతిలో తయారైన రాళ్లు. రేనాటి చరిత్రను శాసనాలతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ శాసనాలకు లక్షల ఏళ్ల ముందు నుంచీ ఈ నేల మీద మనిషి ఉన్నాడని చెప్పగలిగేవి ఈ రాళ్లే.

ఇవి ఇక్కడ ఇంత విరివిగా దొరకడానికి కారణం ఎర్రమల కొండల్లోనే ఉంది. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. ఈ సీమ రాతి పొరలను శాస్త్రజ్ఞులు నేటికీ మన ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు: బనగానపల్లె క్వార్ట్జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. క్వార్ట్జైట్ గట్టిది, బరువైన పనిముట్టుకు సరిపోతుంది. మనం ఇళ్లలో పరుచుకునే నాపరాయిలో సన్నని రేణువులున్న రకం దెబ్బకు పదునుగా విచ్చుకుంటుంది. చెకుముకి జాతి రాళ్లు, పలుగురాయి సన్న పనికి పనికొస్తాయి. నీళ్లకు వంకలూ వాగులూ, తలదాచుకోను కొండ చరియలూ ఉండనే ఉన్నాయి. ఆదిమానవుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ రాతి పనిముట్లను గుర్తుపట్టడం మన దేశంలో మొదలై నూట అరవై ఏళ్లు దాటింది. అంతకుముందు నున్నగా నూరిన రాతి గొడ్డలి దొరికితే పిడుగుతో పాటు పడిన రాయి అనుకునేవారు. ఈ నమ్మకం మనదొక్కటే కాదు, యూరప్ పల్లెల్లోనూ ఉండేది. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంకర గుంతలో చెక్కిన రాయి ఒకటి చూసి, అది పాత రాతియుగపు పనిముట్టని పోల్చుకున్నాడు. భారతదేశ పూర్వచరిత్ర అధ్యయనానికి అదే నాంది. తర్వాత ఆయన చూపు కర్నూలు సీమ మీదా పడింది. 1883-85 మధ్య ఆయన, ఆయన కొడుకు హెన్రీ కలిసి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు జరిపారు. 1930లో కామియేడ్, బర్కిట్ అనే ఇద్దరు కర్నూలు ప్రాంతపు పనిముట్లను కాలక్రమంలో వరుస పెట్టి వ్యాసం ప్రకటించారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో తవ్వి, రాతి పనిముట్లతో పాటు ఎముకతో చేసినవీ వెలికితీశారు.

మరి మామూలు రాయికీ పనిముట్టుకూ తేడా ఎలా తెలుస్తుంది? పెద్ద రాయిని ఇంకో రాయితో గురిచూసి కొడితే పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని లోపలి ముఖం తిప్పి చూడండి. దెబ్బ పడిన అంచు దగ్గర చిన్న చదును ఉంటుంది. దాని కిందే రాయి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బొటనవేలితో తడిమితే ఆ ఉబ్బు స్పష్టంగా తెలుస్తుంది. సన్నని రాయైతే అక్కడి నుంచి చెరువులో రాయి వేసినప్పటి అలల్లా వంపు గీతలు సాగుతాయి. పెచ్చు ఊడిన పెద్ద రాయి మీద అదే మేర గుంట పడుతుంది. ఇలాంటి గుంటలు పక్కపక్కనే వరుసగా, రెండు ముఖాల మీదా ఉండి, అంచు ఒక ఆకారానికి వచ్చిందంటే అది చేతిగొడ్డలి కావచ్చు.

ఒక్క పెచ్చు చూసి తీర్పు చెప్పకూడదు. ట్రాక్టరు కల్టివేటర్ తగిలినా రాయి పగులుతుంది, రోడ్డు కంకరలోనూ పదునైన ముక్కలుంటాయి. పగులు రంగు చూడండి. నాపరాయి కొత్తగా పగిలితే లోపల ముదురు రంగు బయటపడుతుంది. పాత పగులు వేల ఏళ్ల ఎండావానలకు వెలిసి, తెల్లటి పొర కట్టి ఉంటుంది. వాగులో దొర్లిన రాయి అంచులు మొద్దుబారిపోతాయి. ఒకే చోట పెచ్చులు, వాటిని తీసిన దిమ్మ రాళ్లు, పనిముట్లు కలిసి కనిపిస్తే అనుమానం చాలావరకు తీరినట్టే.

ఆకారం కాలాన్ని కూడా చెబుతుంది. అరచేయంత చేతిగొడ్డళ్లు అన్నిటికంటే పాతవి. తమిళనాట అత్తిరంపాక్కంలో వాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేలింది. ముందే దిమ్మను సిద్ధం చేసుకుని తీసిన పెచ్చులు, గీకుడు రాళ్లు మధ్య పాతరాతియుగానివి. గోరంత సన్నని పలకలు ఆ తర్వాతివి. వాటిని కర్రకో ఎముకకో పొదిగి వాడేవారు. నూరి నున్నగా చేసిన గొడ్డళ్లు సేద్యం, పశుపోషణ మొదలైన కొత్తరాతియుగానివి.

ఈ కథలో ప్రపంచం తలతిప్పి చూసిన ఘట్టం ఈ సీమలోనే, జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలై, దాని బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండున్నర మీటర్లు. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం ఆ బూడిద కిందా పైనా రాతి పనిముట్లు కనుగొని, 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. బూడిద కిందివీ పైవీ పనిముట్ల తీరు చాలావరకు ఒకేలా ఉంది. అంతటి ఉత్పాతం తర్వాతా ఇక్కడ మనుషులు కొనసాగారని వాళ్ల వాదన. ఆ మనుషులు మనలాంటి ఆధునిక మానవులా, అంతకుముందువారా అన్న చర్చ ఇంకా తెగలేదు. అక్కడికి దగ్గరలోని కొండ చరియ కింద దొరికిన సూక్ష్మ పనిముట్లు సుమారు 35 వేల ఏళ్ల నాటివి.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. జ్వాలాపురం రాళ్లకు విలువ వచ్చింది అందం వల్ల కాదు, ఏ పొరలో దొరికాయో తెలియడం వల్ల. అదే రాయిని తీసి ఇంట్లో అలమరలో పెడితే నోరు లేనిదవుతుంది. ఫూట్ 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మిన సేకరణ ఈనాటికీ పరిశోధకులకు ఉపయోగపడుతోందంటే, ఏ రాయి ఏ ఊళ్లో దొరికిందో ఆయన రాసిపెట్టబట్టే.

కాబట్టి పొలంలో అలాంటి రాయి కనిపిస్తే కడిగి రుద్దవద్దు, దాని కోసం నేల తవ్వవద్దు. పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి. ఊరు, సర్వే నంబరు, అది కొండవాలా వంక గట్టా అన్నది రాసుకోండి. పురావస్తు శాఖకో విశ్వవిద్యాలయ చరిత్ర విభాగానికో తెలియజేయండి. ఇలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి ఎలా ఉన్నా, పరిశోధకుడు ఏడాదిలో కొన్ని రోజులే వచ్చి వెళతాడు. రైతు మాత్రం ప్రతి దుక్కిలోనూ ఆ నేలను చూస్తాడు, కొత్తగా తేలిన రాయిని అందరికంటే ముందు పోల్చుకుంటాడు. ఆ చూపుకు ఈ కాస్త ఎరుక తోడైతే అవుకు పొలాల నుంచి మన చరిత్రకు ఇంకా ఎన్నో పేజీలు చేరతాయి.