పసికందుల నోటిపూత: చరిత్ర

కొడైకెనాల్ కొండల దిగువన, వరాహనది యొడ్డున నున్న పెరియకుళము ఒకప్పుడు మధుర జిల్లాలోనిది. నేడు తేని జిల్లాలో చేరియున్నది. నాయకరాజుల కాలమునను, దానికి ముందు వెనుకలను ఈ సీమకు వచ్చిన తెలుగువారి సంతతివారు పెక్కురు నేటికిని ఇంట తెలుగే పలుకుచున్నారు. పసిబిడ్డ నాలుకపై తెల్లనిపొర గట్టినచో మనము నోటిపూత యందుము. తమిళ వైద్యమున దానికి అక్కరమని పేరు. రెండు పలుకులును మనకు పరిచితములే.

పాలమరక తుడిచినచో పోవును. ఈ పొర సులభముగా పోదు. బలవంతముగా తుడిచినచో క్రింద నెఱ్ఱబారిన చర్మము కానవచ్చును. బిడ్డ పాలు త్రాగుటకు మారాము చేయును. ఈ లక్షణములను మన పెద్దమ్మలు చక్కగనే కనిపెట్టిరి. కాని కారణము వేడియని తలచిరి.

నిజమైన కారణము పందొమ్మిదవ శతాబ్దమున గాని తెలియలేదు. స్టాక్‌హోము నగరపు అనాథ శిశుగృహమున వైద్యుడైన బెర్గు 1841లో ఆ పొరను సూక్ష్మదర్శినితో చూచి యందు శిలీంధ్రమును గనెను. 1842లో పారిసున గ్రూబీ పండితుడును దానిని వర్ణించెను. రోగియైన శిశువు నోటిపొరను ఆరోగ్యవంతులైన శిశువుల నోట నంటించి, వ్యాధి యంటునని బెర్గు చూపెను. అట్టి ప్రయోగమును నేటి నీతి యంగీకరింపదు. అయినను పూత వేడివలన గాక అంటువలన గలుగునని దానివలన తేలినది. ఈ శిలీంధ్రము ఈస్టు జాతిది. ప్రసవ సమయమున తల్లినుండి గాని, పిదప చనుమొనల నుండి, పాలసీసాల నుండి గాని బిడ్డకు సోకును. 1923లో బెర్ఖౌట్ విదుషి పెట్టిన కాండిడా యను జాతినామమునకును, అంతకుముందే యున్న ఆల్బికాన్స్ అను విశేషణమునకును తెలుపే యర్థము. మన యవ్వలు చూచినదియు ఆ తెలుపే.

1950లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను విదుషీమణులు ఒక పొలపుమట్టిలోని సూక్ష్మజీవినుండి నిస్టాటిన్ అను మందును సాధించిరి. దానివలన వచ్చిన ధనమును తాము గొనక శాస్త్రపరిశోధనకే యొసగిరి.

అంతకుముందు వాడుకలో నున్నది తేనెతో నూరిన వెలిగారము. ఇది మనవారి అజ్ఞానమని యెంచరాదు. ఆంగ్లేయుల ఔషధకోశమునందును ఒకప్పుడు అట్టి యోగముండెను. కాని వెలిగారము పసిబిడ్డలకు విషము. తేనెవలన ఏడాది నిండని శిశువులకు నరములను చచ్చుపరచు వ్యాధి రాగలదని 1976 తరువాత వెల్లడియైనది. పుట్టిన బిడ్డ నాలుకకు పెద్దలు తేనె నాకించు ఆచారము ఈ సీమయందు నేటికిని గలదు గనుక, ఈ సంగతి మనకు ముఖ్యము.

నోటిపూత సామాన్యముగా ప్రాణాపాయము గాదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు మాత్రము ఆ శిలీంధ్రమే రక్తమున జొచ్చి ప్రమాదము గలిగింపవచ్చును. కావున పూత కనబడినంతనే తల్లిని, బిడ్డను వైద్యునకు చూపి, ఇరువురకును చికిత్స యవసరమేమో తెలిసికొనవలెను. పాలసీసాలను మరిగించి శుభ్రపరుపవలెను. అవ్వలనుండి నోటిపూత యను మాటను, గుఱుతుపట్టు నేర్పును నిలుపుకొందము. వెలిగారపు భరిణెను మాత్రము విడిచిపెట్టుదము.